చెక్క పొడికి ఏ మాస్కు?

(వడ్రంగులు, ఇంటీరియర్ పనివాళ్లు, ఇంట్లో సరదాగా చెక్క పని చేసుకునేవాళ్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మేస్త్రీలకు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు, వారమంతా ఆఫీసుకెళ్లి శని, ఆదివారాల్లో చెక్కలో గాడులు తీసే రూటర్ మెషీన్ పట్టుకునే మిత్రులకు. నాకు ఇచ్చిన విషయం మాస్కు. అందులోనూ ఒకసారి వాడి పారేసేది కాకుండా, కడుక్కుని, ఫిల్టర్లు మార్చుకుని ఏళ్ల తరబడి వాడుకునే మాస్కు. ఈ బల్ల మీద కొన్ని పెట్టాను. నా మాటలు అయిపోయాక ఎవరి మొహానికి ఏది సరిపోతుందో పెట్టుకుని చూద్దాం.

షాపులో అందరూ అడిగేది ‘ఏది బెస్ట్ అండీ?’ అని. నా జవాబు ఎప్పుడూ ఒకటే. మీ మొహానికి సందు లేకుండా అతుక్కునేది, పని అయ్యేదాకా మీరు తీసెయ్యకుండా ఉంచుకోగలిగేది. ఫిల్టర్ ఎంత శాతం ఆపుతుందన్నది ఆ తర్వాతి మాట. ఎంత ఖరీదైన ఫిల్టర్ బిగించినా ముక్కు పక్కన అగ్గిపుల్ల దూరేంత సందు ఉంటే గాలి అందులోంచే వస్తుంది. సులువైన దారి ఉండగా గాలి ఫిల్టర్‌లోంచి ఎందుకు పోతుంది?

దుమ్ము సంగతి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే మాస్కు కోసం డబ్బు పెట్టబుద్ధి కాదు. మన పెద్దవాళ్ల పనిలో దుమ్ము లేదని అనను. కానీ బాడిసతో చెక్కినా, చిత్రిక పట్టినా ఊడి వచ్చేది పేడు, లేకపోతే పొర. అది కాళ్ల దగ్గర పడేది, సాయంత్రం పొయ్యిలోకి పోయేది. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి నిమిషానికి వేల చుట్లు తిరిగే మెషీన్లు. చెక్కని రుద్ది నున్నగా చేసే సాండర్‌కి 240 నంబరు పేపర్ వేసి, చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలక మీద పది నిమిషాలు తిప్పితే వచ్చే పొడి పిండి కంటే మెత్తగా ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల లోపు పొడి గొంతు దాటి కిందికి దిగుతుంది. 4 మైక్రాన్ల లోపుదైతే ఊపిరితిత్తుల్లో చివరి గాలి గదుల దాకా వెళ్తుంది. కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగులో తిరుగుతూ కనపడేది పెద్ద పొడి. మనల్ని ఎక్కువ దెబ్బతీసేది కంటికి ఆనదు. తువ్వాలు ముక్కుకి చుట్టుకున్నా, నాలుగు మడతలు వేసినా ఆ సన్నపొడికి అడ్డం కాదు. ఆ నేత సందులు దానికి వాకిళ్లే.

సాయంత్రం బెల్లం ముక్క తింటే దుమ్మంతా దిగిపోతుందని చాలామంది నమ్ముతారు. బెల్లం తినండి, ఏం తప్పులేదు. కానీ అది పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. గొంతు దగ్గరే రెండు దార్లూ విడిపోతాయి. ఈ బెల్లం ధైర్యంతో మాస్కు మానేసినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంగ్లండ్‌లో, లండన్‌కి కాస్త దూరంలో హై వికమ్ అని ఒక ఊరుంది. కుర్చీలు, ఫర్నిచర్ తయారీకి తరతరాలుగా పేరున్న ఊరు. అక్కడ ముక్కు, చెవి, గొంతు సర్జన్‌గా పనిచేసిన ఎస్మీ హాడ్‌ఫీల్డ్ 1960లలో ఒక విషయం పట్టుకున్నారు. ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే చాలా అరుదైన రకం క్యాన్సర్ ఆ ఊళ్లో మళ్లీ మళ్లీ కనపడుతోంది, వచ్చినవాళ్లు ఫర్నిచర్ పనివాళ్లు. ఆమె, మరికొందరు డాక్టర్లు కలిసి 1968లో ఆ వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని గ్రూప్ 1లో పెట్టింది. పొగాకు పొగ, ఆస్బెస్టాస్ ఉన్న జాబితా అది. చెక్క పొడి సిగరెట్టంత ప్రమాదమని దానర్థం కాదు, క్యాన్సర్ తెస్తుందన్న రుజువు అంత గట్టిగా ఉందని. ఆ జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే ఇరవై ఏళ్ల కుర్రాడికి ‘నాకేం కాలేదు’ అనిపిస్తుంది.

అంత దూరం పోకుండానే రోజూ పడే ఇబ్బందులున్నాయి. టేకు పొడికి చేతుల మీద, మెడ మీద దద్దుర్లు వచ్చేవాళ్లున్నారు. రోజ్‌వుడ్ కోస్తే తుమ్ములు ఆగనివాళ్లున్నారు. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు పని మానేస్తే దగ్గు తగ్గి, తిరిగొచ్చి మెషీన్ వెయ్యగానే మొదలవుతుందంటే అది జలుబు అయ్యుండదు. డాక్టరు దగ్గరికెళ్లి ‘నేను చెక్క పని చేస్తాను’ అని ముందుగా చెప్పండి. చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు.

సరే, మాస్కుల్లోకి వద్దాం.

ఇది మనకి కరోనా రోజుల నుంచి తెలిసిన కప్పు ఆకారం ఎన్95. అసలైనదైతే చిన్న పనులకు మంచిదే. అమెరికా ఆమోదం ఉన్న ఎన్95కి తల వెనక్కి పోయే పట్టీలు రెండుంటాయి. చెవులకి తగిలించుకునే పట్టీలతో అలాంటి బిగువు రాదు. దీంతో చిక్కేమిటంటే, మన ఉక్కపోతకి మధ్యాహ్నానికల్లా అంచు మెత్తబడిపోతుంది, పట్టీ సాగిపోతుంది. మర్నాడు అదే తెచ్చి పెట్టుకుంటాం. రోజూ సాండింగ్ చేసేవాళ్లకు ఇది ఖర్చు కూడా ఎక్కువే.

ఇది బైకు మీద వెళ్లేవాళ్లు వాడే గుడ్డ మాస్కు. మళ్లీ వాడుకోవచ్చు కదా అని చాలామంది దీన్నే కొంటున్నారు. చూడటానికి బాగుంటుంది, ఊపిరి తేలిగ్గా ఆడుతుంది, లోపల నల్లటి కార్బన్ కాగితం, పక్కన రెండు ప్లాస్టిక్ వాల్వులు. పెట్టె మీద పి.ఎం.2.5 అని ఉంటుంది. అది దుమ్ము సైజు పేరు, మాస్కుకి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఊపిరి ఇంత తేలిగ్గా ఎందుకు ఆడుతోందో అంచు చుట్టూ వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. నేనైతే వర్క్‌షాపుకి దీన్ని కొనమని ఎవరికీ చెప్పను.

ఇక ఇది హాఫ్ మాస్కు. ముక్కు, నోరు, గడ్డం కప్పుతుంది, రెండు పక్కలా ఫిల్టర్లు బిగుస్తాయి. రోజూ చెక్క పని చేసే మనిషికి నా సలహా ఇదే. విప్పి చూపిస్తాను, ముందు వరసలోవాళ్లు దగ్గరికి రండి. ఈ రబ్బరులాంటి భాగమే అసలు మాస్కు. రెండు పక్కలా ఉన్న ఈ రంధ్రాల లోపలివైపు పల్చటి పొర ఉంది చూశారా, వేలితో లేపితే లేస్తుంది. గాలి పీల్చినప్పుడు తెరుచుకుంటుంది, వదిలినప్పుడు మూసుకుంటుంది. వదిలిన గాలి మధ్యలో ఉన్న ఈ కింది వాల్వులోంచి బయటికి పోతుంది. దాని మూత ఊడదీస్తాను. ఇదిగో, గుండ్రటి పల్చని పొర. దీని కింద ఒక్క నలుసు చెక్క పొడి ఇరుక్కున్నా, అంచు కాస్త వంగినా ఆ పొర పూర్తిగా మూసుకోదు. అప్పుడు మీరు గాలి పీల్చిన ప్రతిసారీ దుమ్ము నేరుగా లోపలికే. ఎవరూ చూడని చోటు ఇది. వారానికోసారి ఈ మూత తీసి, తడి గుడ్డతో తుడిచి, పొర సాపుగా కూర్చుందో లేదో చూసుకోండి. కొనేటప్పుడే ఈ పొరలు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. పొరలూ ఫిల్టర్లూ మన ఊళ్లో దొరకని మాస్కు ఎంత మంచిదైనా ఆరు నెలల్లో మూలన పడుతుంది.

రబ్బరు రకాల్లో సిలికాన్ మెత్తగా ఉంటుంది, చాలాకాలం గట్టిపడదు. మామూలు ఎలాస్టోమర్ రకం చవక. రోజంతా పెట్టుకునేవాళ్లు సిలికాన్‌కి ఇంకొంత పెట్టడం మేలు.

సైజు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. దుకాణంలో మధ్య సైజు ఒకటే ఉంటుంది, అదే ఇస్తారు. ఉదాహరణకి 3ఎం కంపెనీ 6000 రకంలో 6100 చిన్నది, 6200 మధ్యది, 6300 పెద్దది. మాస్కు ముక్కు దూలం మీద, రెండు బుగ్గల మీద, గడ్డం కింద ఒకేలా ఆనాలి. నవ్వినా, తల పైకెత్తినా, పక్కకి తిప్పినా కదలకూడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు పెట్టుకునే చూడాలి. ముక్కు దగ్గర ఎత్తుగా ఉండే మాస్కు జోడుని పైకి నెట్టేస్తుంది, అద్దాలు కూడా మసకబారతాయి. మసకబారాయంటే పైనుంచి గాలి తప్పించుకుంటోందని గుర్తు. కొండపల్లి, ఏటికొప్పాక లాంటి చోట్ల బొమ్మల పనిలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి మగవాళ్ల సైజు తెచ్చి ఇచ్చేస్తుంటారు. అమ్మా, చిన్న సైజు అడిగి తీసుకోండి. ముక్కుపుడక మాస్కు లోపలే ఉండిపోతుంది కాబట్టి తియ్యక్కర్లేదు, అంచు కిందికి మాత్రం రాకూడదు. జడ మీద పట్టీ జారకుండా పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ మెడ వెనక్కి రావాలి.

పెట్టుకున్న ప్రతిసారీ చెయ్యాల్సిన పరీక్ష రెండు ఊపిర్లంత సేపే. చూడండి. అరచేతులతో రెండు ఫిల్టర్లూ మూసేసి మెల్లిగా గాలి పీలుస్తున్నాను. మాస్కు లోపలికి లొట్టపోయి మొహానికి అంటుకుంది, అలాగే నిలబడింది. ఎక్కడా గాలి చొరబడలేదు. ఇప్పుడు ఫిల్టర్లు వదిలేసి ముందున్న వాల్వుని మూసి మెల్లిగా ఊదుతున్నాను. మాస్కు కాస్త ఉబ్బింది, కళ్ల వైపు గాలి తగల్లేదు. అంతే. గాలి తగిలితే పట్టీలు సర్దుకుని మళ్లీ చూడాలి. మరీ బిగించేసినా అంచు మెలిక పడి సందు వస్తుంది.

అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో హాఫ్ మాస్కుకి ఇచ్చిన రక్షణ అంకె 10. అంటే సరిగ్గా పెట్టుకుంటే లోపలి గాలిలో దుమ్ము బయటి దానిలో పదో వంతుకు తగ్గుతుందని లెక్క. అందులో 99.97 శాతం ఆపే ఫిల్టర్ బిగించినా హాఫ్ మాస్కుకి అంకె 10 దాటదు. నేను మొదట్లో ఫిల్టర్ శాతం తర్వాతి మాట అన్నది ఇందుకే. ఫిల్టర్ ఆపినా, మొహం అంచు సందుల్లోంచి కొంత దుమ్ము లోపలికి వస్తుంది.

ఏమిటి స్వామీ? గట్టిగా అడగండి, అందరికీ వినపడుతుంది.

స్వామి అడుగుతున్నారు, మాల వేసుకున్నాక గడ్డం తియ్యకూడదు కదా, మరి మాస్కు సంగతేంటని. మంచి ప్రశ్న. రెండు రోజుల గడ్డం చాలు, అంచు కింద వెంట్రుకల మధ్య సన్నటి దార్లు ఏర్పడతాయి. మండల దీక్ష 41 రోజులంటే హాఫ్ మాస్కు అతకదు, ఎన్95 కూడా అంతే. గడ్డం మీద ఇంకాస్త బిగిస్తే సరిపోతుందనుకోవద్దు. మత ఆచారంగా గడ్డం పెంచుకునే మన ముస్లిం అన్నదమ్ములకూ ఇదే సమస్య. దీనికి దారి బ్యాటరీ ఫ్యాన్‌తో నడిచే హుడ్ రకం. నడుముకో తలకో ఉన్న చిన్న ఫ్యాన్ గాలిని ఫిల్టర్‌లోంచి లాగి మొహం ముందుకి వదులుతుంది. మొహానికి అతుక్కోవాల్సిన పని లేదు, ఊపిరికి కష్టం ఉండదు, కళ్లకీ రక్షణే. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ, ఒక్కరు కొనడం కష్టం. నలుగురైదుగురు పనిచేసే షాపులో అందరికీ కలిపి ఒకటి ఉంచుకోవచ్చు. అదీ కుదరకపోతే దీక్ష రోజుల్లో సాండింగ్ మరొకరికి అప్పగించి, స్వాములు కొలతలు, బిగింపులు, ఉలి పనులు చూసుకోవడం మంచిది. పని పంచుకోవడం మనకి కొత్తేం కాదు.

ఫిల్టర్ల మీద రాసి ఉండే అంకెలు చెప్తాను. అమెరికా లెక్కలో ఎన్95 అంటే 95 శాతం, పి100 అంటే 99.97 శాతం. వీటిని అత్యంత కష్టమైన సైజు, సుమారు 0.3 మైక్రాన్ల దగ్గర పరీక్షిస్తారు. యూరప్ లెక్కలో హాఫ్ మాస్కు ఫిల్టర్లు పి1, పి2, పి3. పి2 అంటే 94 శాతం, పి3 అంటే 99.95 శాతం. ఒకసారి వాడి పారేసే మాస్కులకి మన దేశ ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. ఇచ్చిన ప్రమాణం ఐ.ఎస్. 9473, అందులో ఎఫ్.ఎఫ్.పి.1, 2, 3 అని తరగతులుంటాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు, ఈ నంబరు రెండూ చూసుకోండి. అమెరికా ఆమోదం ఉన్నదైతే టి.సి.-84ఎ తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఏమీ లేకుండా ఉత్త ‘ఎన్95’ అని అచ్చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. హాఫ్ మాస్కుకైతే నేను నేరుగా పి100 లేదా పి3 తీసుకోమంటాను. ఎం.డి.ఎఫ్., గట్టి కలప, పాత తలుపులు అన్నిటికీ సరిపోతుంది. పాత తలుపుల మాట వచ్చింది కాబట్టి, ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పాత లోగిళ్ల తలుపులు, కిటికీలు కొని రంగు గీకి పాలిష్ పెట్టేవాళ్లు ఆ రంగు పొడిలో సీసం ఉంటుందనే అనుకోవాలి. అక్కడ మెషీన్‌తో పొడిగా గీకొద్దు. తడిపి చేత్తో గీకండి, మాస్కు ఉంచుకునే.

ఫిల్టర్ ఆకారం కూడా ముఖ్యమే. ఊదా రంగు అప్పడాల్లా ఉండే మెత్తటి ఫిల్టర్లు తేలిగ్గా ఉంటాయి, ఊపిరి బాగా ఆడుతుంది, కానీ పక్కలకి చాచుకుని ఉంటాయి. ముఖానికి షీల్డు వేసుకుంటే తగులుతాయి, లేత్ మీద వంగి చూసేటప్పుడు అడ్డొస్తాయి. ప్లాస్టిక్ డిప్పలో ఉండే ఫిల్టర్లు కాస్త బరువు, కానీ దెబ్బకీ తడికీ ఆగుతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగే చోటు. ఈ నల్ల డబ్బాల్ని చూసి ‘ఇవి ఇంకా పవర్‌ఫుల్’ అనుకుని దుమ్ముకి కొనేస్తారు. వీటిలో ఉన్నది బొగ్గు. థిన్నర్, మెలమైన్, పి.యు. (పాలీయురేతేన్) పాలిష్ లాంటి వాటి ఆవిరిని పట్టుకుంటుంది. దుమ్మును ఆపదు. అలాగే దుమ్ము ఫిల్టర్ పాలిష్ ఆవిరిని ఆపదు. పాలిష్ స్ప్రే చేసేవాళ్లకి రెండూ కలిసినది కావాలి, బొగ్గు డబ్బా మీద దుమ్ము ఫిల్టర్. వాసన తెలిసిందంటే డబ్బా అయిపోయినట్టే. ఇందులో ఒక ప్రమాదం ఉంది, శ్రద్ధగా వినండి. హార్డెనర్ కలిపే రెండు డబ్బాల పి.యు.లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకి తెలియకపోవచ్చు. వాసన వస్తే మార్చేద్దాం అన్న లెక్క అక్కడ పనికిరాదు. రోజూ అదే స్ప్రే చేసేవాళ్లకు బయటి నుంచి పైపుతో మంచి గాలి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. యజమానులు ఇక్కడ ఉంటే ఇది మీ బాధ్యత.

దుమ్ము ఫిల్టర్‌ని మాత్రం కడగొద్దు. కంప్రెసర్‌తో ఊదొద్దు. శానిటైజర్‌తో తుడవొద్దు. లోపలి పోగుల్లో విద్యుత్ ఆవేశం ఉంటుంది, దుమ్మును పట్టుకునేది చాలావరకు అదే. ఆల్కహాల్ తగిలితే ఆ ఆవేశం పోతుంది, గాలితో ఊదితే పోగులు చినుగుతాయి. ఊపిరి బరువెక్కినప్పుడు, తడిసినప్పుడు, చినిగినప్పుడు మార్చెయ్యడమే. మాస్కు భాగాన్ని మాత్రం ఫిల్టర్లు తీసేసి గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. థిన్నర్‌తో తుడిస్తే రబ్బరు పాడవుతుంది. ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మేకుకి తగిలించి వదిలేస్తే లోపలివైపు దుమ్ము పేరుకుంటుంది, మర్నాడు పెట్టుకోగానే మొదటి ఊపిరి ఆ దుమ్మే.

ఇంకో అలవాటు చెప్పాలి. ఫోన్ మోగగానే మాస్కుని గడ్డం కిందికి లాగుతాం. మెడ మీదున్న పొడి అంతా లోపలికి చేరుతుంది. ఫోన్ ఎక్కువ వచ్చే మేస్త్రీలు పట్టీ తల మీదే ఉండి మాస్కు ముందుకి జారే రకం చూసుకోండి, బయటికి నడిచి వెళ్లాకే దించండి. మెషీన్ ఆపగానే తీసెయ్యడం కూడా అంతే. సన్నపొడి గాలిలో చాలాసేపు తేలుతూనే ఉంటుంది. చీపురుతో ఊడ్చేటప్పుడు అదంతా మళ్లీ లేస్తుంది. నిజానికి మాస్కు బాగా అవసరమయ్యేది ఊడ్చే కుర్రాడికి, వాడికే ఎవరూ ఇవ్వరు. వాడికి కూడా ఒకటి కొనండి. బట్టల మీద దుమ్మును కంప్రెసర్‌తో దులుపుకుని ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. చొక్కా షాపులోనే మార్చుకోండి.

మాస్కు ఉంది కదా అని దుమ్ము లేపుకుంటూ పోవడం తప్పు. సాండర్ వెనక ఉన్న గుడ్డ సంచి పీకేసి వ్యాక్యూమ్ పైపు తగిలిస్తే షాపులో తేడా మొదటి రోజే తెలుస్తుంది. యూరప్‌లో గట్టి చెక్క పొడికి 2023 నుంచి ఉన్న పరిమితి ఘనమీటరు గాలిలో 2 మిల్లీగ్రాములు. మాస్కు ఒక్కదానితో అలాంటి గాలి రాదు, దుమ్ముని పుట్టిన చోటే లాగెయ్యాలి. ఆ తర్వాత మిగిలినదానికి మాస్కు.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఫిల్టర్ మాస్కు మొదలుపెట్టే ముందు డాక్టరుని అడగండి. ఊపిరి పీల్చడానికి కాస్త ఎక్కువ శ్రమ పడుతుంది కాబట్టి చెప్తున్నాను.

ఇక బల్ల దగ్గరికి రండి. మూడు సైజులూ ఉన్నాయి, తుడవడానికి సబ్బు నీళ్లూ గుడ్డలూ పెట్టాను. ఈ రోజు గడ్డం గీసుకుని వచ్చినవాళ్లు ముందు రండి, ఫిల్టర్లు చేతులతో మూసి గాలి పీల్చి చూడండి. మిగతావాళ్లు సైజు నంబరు రాసుకుని వెళ్లి, రేపు గీసుకున్నాక ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చు. అమ్మా, చిన్న సైజు ఎడమ పక్కన ఉంది. ఫిల్టర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగినవాళ్లు ఎవరండీ, చెయ్యెత్తండి, మీతో విడిగా మాట్లాడతాను.